చిన్న కళాశాల, పెద్ద నిర్ణయం: రంగత్ విద్యార్థి ముందుగా అడగవలసిన ప్రశ్నలు

పన్నెండో తరగతి ఫలితాలు వెలువడగానే మధ్య అండమాన్‌లోని రంగత్ ఇళ్లలో ఒకే చర్చ మొదలవుతుంది. పిల్లలను ద్వీపంలోనే చదివించాలా, సముద్రం దాటించాలా? వైద్యం, ఇంజినీరింగ్ కోరుకునేవారికి దారి కొంతవరకు తెలిసినదే. చరిత్ర, అర్థశాస్త్రం, జీవశాస్త్రం, సాహిత్యం వంటి విషయాలను కలిపి చదవాలనుకునేవారికి మాత్రం లిబరల్ ఆర్ట్స్ విద్యాసంస్థల ప్రకటనలే తొలి సమాచారం అవుతున్నాయి. కొద్దిమందికే ప్రవేశం, చిన్న తరగతులు, విస్తృతమైన పాఠ్యాంశాలు అన్నవి ఆ ప్రకటనల సారాంశం. వీటిలో ఏది ఎంత విలువైనదో తేల్చుకునే భారం కుటుంబం మీదే పడుతోంది.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు వారిలో అనేకం. కళాశాల గడప తొక్కుతున్న తొలి తరం ఇంకా ఉన్న ఇళ్లలో తప్పుడు ఎంపికకు చెల్లించే మూల్యం ఎక్కువ.

దగ్గరి దారి, దూరపు దారి

రంగత్‌కు దగ్గరలో ఉన్న డిగ్రీ కళాశాల మాయాబందర్‌లోని మహాత్మా గాంధీ ప్రభుత్వ కళాశాల. రోడ్డు మార్గంలో సుమారు 70 కిలోమీటర్లు. అది 1990లో ఏర్పడింది. ద్వీపాల్లోని పాత కళాశాల, 1967లో స్థాపించిన జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయ, సుమారు 170 కిలోమీటర్ల దూరాన ఉంది. అది ఉన్న పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. ఈ రెండు కళాశాలలూ దశాబ్దాల పాటు పుదుచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచాయి.

తెలుగు నేలపై లిబరల్ ఆర్ట్స్ విద్యకు స్పష్టమైన ఉదాహరణ తిరుపతి జిల్లా శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయం. 2018లో ఏర్పడిన ఈ ప్రైవేటు సంస్థలో డిగ్రీ తొలి బ్యాచ్ 2019లో చేరింది. అంతకుముందు 2014లో హరియాణాలోని సోనీపత్‌లో అశోకా విశ్వవిద్యాలయం మొదలైంది. అమెరికాలో ఈ సంప్రదాయం మరీ పాతది. 1793లో స్థాపించిన విలియమ్స్ కళాశాలలో నేటికీ విద్యార్థుల సంఖ్య సుమారు రెండు వేలే. ఇలాంటి సంస్థలు మార్కులతో సరిపెట్టుకోవు. దరఖాస్తులో రాసిన వ్యాసాన్ని, ముఖాముఖిని కూడా పరిగణిస్తాయి.

తిరస్కరణల సంఖ్య బోధనకు కొలమానం కాదు

ప్రవేశం దొరకడం కష్టం కాబట్టి చదువు గొప్పదన్న భావన బలంగా ఉంది. వంద సీట్లకు వెయ్యి దరఖాస్తులు వస్తే ప్రవేశం దక్కేది పది శాతానికి. మరుసటి ఏడాది ప్రచారం పెరిగి రెండు వేల దరఖాస్తులు వస్తే అది ఐదు శాతానికి పడిపోతుంది. అధ్యాపకులు, గ్రంథాలయం, ప్రయోగశాల మాత్రం ఏమీ మారలేదు. కాబట్టి ఆ శాతం సంస్థకు ఉన్న గిరాకీని చెబుతుంది, లోపల జరిగే బోధనను చెప్పదు.

చిన్నతనానికీ రెండు ముఖాలున్నాయి. పాతిక మంది ఉన్న తరగతిలో అధ్యాపకుడు ప్రతి విద్యార్థి రాతనూ చదివి దిద్దగలడు. అయితే ఒక శాఖలో నలుగురే అధ్యాపకులున్నప్పుడు ఒక్కరు వెళ్లిపోయినా ఆ శాఖలో నాలుగో వంతు ఖాళీ అవుతుంది. సగటు నిష్పత్తిని చూసి సంతృప్తి పడకుండా మొదటి సంవత్సరం తరగతిలో ఎందరు కూర్చుంటారో, పూర్తికాలపు అధ్యాపకులెందరో, పుస్తకంలో అచ్చువేసిన కోర్సుల్లో గత రెండేళ్లలో నిజంగా నడిచినవెన్నో అడగాలి.

సంస్థ మనుగడ కూడా పరిశీలించవలసిన అంశమే. సింగపూర్‌లో పేరున్న రెండు విశ్వవిద్యాలయాలు కలిసి నెలకొల్పిన యేల్-ఎన్‌యూఎస్ కళాశాల 2013లో తొలి విద్యార్థులను చేర్చుకుంది. దానిని మూసివేస్తున్నట్లు 2021లోనే ప్రకటన వెలువడింది. 2025లో చివరి బ్యాచ్‌తో దాని కథ ముగిసింది. గొప్ప పేరు దీర్ఘాయుష్షుకు హామీ కాదని ఆ ఉదంతం చాటింది.

ఖర్చు లెక్కలో సముద్రం

ఫీజు పట్టికలో కనిపించే మొత్తం అసలు ఖర్చు కాదు. వసతి, భోజనం, ప్రయాణం కలిపి, ఉపకార వేతనం తీసివేస్తే మిగిలేదే అసలు ఖర్చు. ఆ వేతనం మొదటి ఏడాదికేనా, చివరి వరకూ ఉంటుందా, మార్కులు తగ్గితే ఆగిపోతుందా అన్నది లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. ద్వీపవాసికి ప్రయాణ ఖర్చు చిన్నది కాదు. రంగత్ నుంచి శ్రీ విజయపురం చేరి, అక్కడి నుంచి విమానమో, రెండు మూడు రోజులు పట్టే ఓడో ఎక్కాలి. ఇంట్లో ఆపద వచ్చినా ఆ పూటకి చేరుకోవడం దాదాపు అసాధ్యం.

రుణం విషయంలో మరో చిక్కు ఉంది. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం పూచీకత్తు లేని రుణానికి వీలు కల్పిస్తుంది. ఏటా ఎనిమిది లక్షల రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాల విద్యార్థులకు, పథకం పరిమితులకు లోబడి, పది లక్షల వరకు రుణంపై మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది. అయితే ప్రైవేటు సంస్థకు ఇది వర్తించాలంటే అది జాతీయ ర్యాంకుల ఆధారంగా తయారయ్యే జాబితాలో ఉండాలి. నాలుగున్నర లక్షల లోపు ఆదాయం వారికిచ్చే పూర్తి వడ్డీ రాయితీ సాంకేతిక, వృత్తి విద్యా కోర్సులకే పరిమితం. బీఏ చదవబోయే విద్యార్థి కుటుంబం ఈ తేడాను బ్యాంకుకు వెళ్లే ముందే గుర్తించాలి.

దగ్గరి కళాశాలకూ అదే కొలబద్ద

తరగతి పరిమాణం, పూర్తికాలపు అధ్యాపకులు, నిజంగా నడిచే కోర్సులు, చదువయ్యాక పట్టభద్రులు చేరిన చోట్లు: ఇవే ప్రశ్నలను మాయాబందర్ కళాశాలనూ అడగవచ్చు. అడగాలి కూడా. ప్రభుత్వ కళాశాలలో ఫీజు తక్కువ. ఇంటి అండ దగ్గరగా ఉంటుంది. ఎంచుకోగల విషయాలు పరిమితంగా ఉండవచ్చు.

2020 జాతీయ విద్యా విధానం మరో అవకాశాన్ని ముందుకు తెచ్చింది. మూడేళ్లకు డిగ్రీతో ఆగవచ్చు, నాలుగో ఏడాది చదివి ఆనర్స్ పొందవచ్చు. 2021లో మొదలైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ద్వారా ఒకచోట సంపాదించిన క్రెడిట్లను మరోచోటికి తీసుకెళ్లే వీలుంది. అయితే వాటిని అంగీకరించడం చేర్చుకునే సంస్థ నిబంధనలపై ఆధారపడుతుంది. డిగ్రీ ద్వీపంలో ముగించి, పీజీకి ప్రవేశ పరీక్ష రాసి కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరడం తక్కువ అప్పుతో నడవగల మార్గం.

చివరిగా భాష. లిబరల్ ఆర్ట్స్ తరగతిలో చర్చ, వ్యాసరచన రెండూ ఎక్కువగా ఆంగ్లంలోనే సాగుతాయి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి తెలివిలో తీసిపోడు. తొలి ఆరు నెలలు రాతలో తోడ్పడే ఏర్పాటు లేకపోతే మాత్రం వెనుకబడే ప్రమాదం ఉంది. అటువంటి ఏర్పాటు ఉందా అన్న ప్రశ్నకు వచ్చే జవాబు ఆ సంస్థ ఎవరిని దృష్టిలో పెట్టుకొని నడుస్తోందో తెలుపుతుంది.

ప్రవేశ ప్రక్రియలో సంస్థ విద్యార్థిని పరీక్షిస్తుంది. ఫీజు కట్టే ముందు సంస్థను పరీక్షించే హక్కు విద్యార్థికీ ఉంది. రంగత్ నుంచి వెళ్లే విద్యార్థికి వెనక్కి రావడం సులభం కాదు కనుక, ఆ హక్కును ఓడ ఎక్కకముందే వినియోగించుకోవాలి.