మన దారులుండగా ఈఫిల్ టవరెందుకు?

పాతకాలపు ప్రయాణాల బొమ్మలున్న నోటు పుస్తకాలు, కార్డులు ఇప్పుడు ఫ్యాషన్. అట్ట మీద మాత్రం ఈఫిల్ టవరో, లండన్ బస్సో! రాజంపేటలో ఈ వ్యాపారం పెట్టేవాళ్లు అంత దూరం పోనక్కర్లేదు. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ దగ్గర్లోని ఒంటిమిట్ట కోదండరాముడి గుడిని చూసి మెచ్చుకున్నాడు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి కడప మీదుగానే వెళ్తూ మజిలీలన్నీ రాసిపెట్టాడు. రాజంపేట పక్కనున్న నందలూరుకు ఆవిరి ఇంజన్ల షెడ్డే ఒకప్పుడు పేరు తెచ్చింది.

ఫోనుండగా కాగితమెవరు కొంటారంటారా? బడిపిల్లల నోటుబుక్కు ధరతో పోటీకి దిగితే మునగడం ఖాయమే. కానీ ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణానికొచ్చినవాళ్లు ఏదో ఒకటి గుర్తుగా కొనుక్కునే ఇంటికి పోతారు. ఆ ఖర్చులో ఓ కార్డుకు చోటుంది. గుడిని నిర్వహిస్తున్న టీటీడీ అక్కడ స్థానిక సరుకుకు ఒక్క స్టాలైనా ఇవ్వాలి.