పల్లె వైద్యునకు బ్రతుకుతెరువు

వైద్యుడు లేని యూర కాపురముండవలదని మన పెద్దలు చెప్పిరి. నేడా నీతి తలక్రిందై, పెద్దనగరము కాని యూర వైద్యుడే కాపురముండకున్నాడు. ఇందులకు వానిని నిందించుట సులభము. నిందవలన ఒక్క రోగికైనను స్వస్థత కలుగదు. వైద్యుడు పల్లెలో నిలుచుటకు అతని త్యాగబుద్ధి యొక్కటే చాలునా యనునది విచారింపదగిన ప్రశ్న.

కడప జిల్లాలో అట్టి త్యాగమునకు లోపము లేదు. లండను మిషనరీ సంఘమునకు చెందిన డాక్టరు కాంబెల్ దేశముగాని దేశమునుండి వచ్చి జమ్మలమడుగున వైద్యము సాగించెను. ఆయన పేరిటి యాసుపత్రిలోనే వై.యస్. రాజశేఖరరెడ్డి కొంతకాలము వైద్యాధికారిగ పనిచేసి, 1973లో పులివెందులయందు తండ్రిపేర 70 పడకల ధర్మవైద్యశాలను స్థాపించెను; 1978లో శాసనసభకెన్నికై రాజకీయములకు మరలెను. వ్యక్తుల ఔదార్యము పూజనీయమే. కాని ఒకని ఔదార్యమునకు మఱియొకడు వారసుడు కాగలడని నమ్మి జనుల ప్రాణములను దానికి ముడివెట్టుట వివేకము కాదు.

1946లో భోర్ సంఘము నివేదిక సమర్పించునాటికి దేశమందలి సుమారు 47 వేల వైద్యులలో 30 వేలమంది వఱకు లైసెన్షియేట్లు, అనగా పట్టముకంటె తక్కువ చదువు గలవారు. ఇకమీదట వైద్యులందఱకు ఒకే స్థాయి పట్టముండవలెనని ఆ సంఘమున అధికసంఖ్యాకులు అభిప్రాయపడిరి. పల్లెవానికి అల్పవిద్య చాలునను భావమును త్రోసిపుచ్చుట న్యాయమే. అయితే పూర్ణవిద్య గడించినవాడు పల్లెకు వచ్చి నిలుచుటకు తగిన మార్గమును మనము నేటికిని అరకొరగనే కల్పించితిమి. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పేదవాని శస్త్రచికిత్సకు ధనము సమకూర్చెను. అది రోగిని నగరమునకు చేర్చినంతగా వైద్యుని పల్లెకు చేర్చలేదు.

ఉన్న యొక్క మార్గమును గూర్చియే యిటీవల కలహము చెలరేగెను. ప్రాథమికారోగ్య కేంద్రములందు పనిచేయు వైద్యులకు ఉన్నత వైద్యవిద్యలో కొన్ని సీట్లు ప్రత్యేకింపబడియున్నవి. 2024లో రాష్ట్రప్రభుత్వము ఆ కోటాను తగ్గింపగా వారు ఆందోళనకు దిగిరి. 2025లోను ఆ విషయముపైననే విధులు బహిష్కరించిరి. రోగులను విడిచి బయటికి వచ్చుట మాకు సమ్మతము కాదు. కాని వారి కోరిక స్వార్థమని కొట్టివేయుట అంతకంటె పొరపాటు. అర్ధరాత్రి పాముకాటునకును, పురుటినొప్పులకును మేలుకొన్నవాడు, నగరమున పుస్తకము ముందు కూర్చున్నవానితో పరీక్షలో నెట్లు పోటీపడగలడు? ఆ సీటు వానికి బిచ్చము కాదు; చేసిన పనికి కూలి.

కొన్ని శాఖలలో నిపుణులు చాలినంతమంది యున్నారని ప్రభుత్వపక్షము వాదించినది. అట్లయిన శాఖలవారీగ లెక్క సరిచూడవలెను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఆసుపత్రులలో నే నిపుణుడు కొఱతయో ఆ విద్యకే సీటునిచ్చి, చదువు ముగిసినతోడనే ఆ యాసుపత్రికే రమ్మని కట్టడి చేయవలెను. మెట్టు చూపక ఎక్కుమనుటయు, మెట్టు చూపి దిగిరావలదనుటయు రెండును తప్పే.

ప్రభుత్వముపై భారమంతయు మోపి మనము చేతులు కట్టుకొని కూర్చుండుట తగదు. ప్రొద్దుటూరి వర్తకులకును, మూడు తాలూకాల భూస్వాములకును సత్రములు కట్టించుట, గుడులకు మాన్యములిచ్చుట క్రొత్తకాదు. ఆ ధర్మబుద్ధితోనే ఆరోగ్యకేంద్రము చెంత వైద్యునకును నర్సునకును నివాసయోగ్యమైన యిల్లు కట్టించిన నెంత మేలు! తమకు గిట్టని వైద్యుని బదిలీ చేయింప పలుకుబడి నుపయోగించు నలవాటు మానవలెను. రోగి మరణించినచో వైద్యునిపై చేయెత్తు దుర్మార్గుని ఊరే అడ్డుకొనవలెను.

మన పిల్లలకు వైద్యవిద్య చెప్పించుటకు పొలములమ్ముచున్నాము. ఆ చదువు మన పొలిమేర దాటి తిరిగిరాకున్న, అమ్ముకొన్నది పొలము మాత్రమే కాదు. పిల్లవానిని పల్లెకు రమ్మని పిలుచుటకు ముందు, వచ్చినవాడు తలయెత్తుకొని బ్రతుకు స్థితిని కల్పింతము.