చూశాకే బాణం

అలిపిరి నుంచి కాలినడకన తిరుమల కొండెక్కేవాళ్లలో జింకల పార్కు దగ్గర ఒక్క నిమిషమైనా ఆగనివాళ్లు తక్కువ. కంచె అవతల చుక్కల దుప్పి తల దించుకుని గడ్డి కొరుకుతుంటుంది. ఇవతల ఓ పిల్లాడు సరదాగా చప్పట్లు కొడతాడు. అంతే! తల లేస్తుంది, చెవులు నిక్కబొడుచుకుంటాయి. మరుక్షణం అది అక్కడ ఉండదు.

చూసేవాళ్లకు అదో ముచ్చట. వెనకటికి విల్లు పట్టుకుని అడవికెళ్లిన వేటగాడికి మాత్రం అదే అసలు పరీక్ష. ఎందుకంటే బాణం కన్నా దాని చప్పుడే ముందు చేరుతుంది. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. మామూలు కర్ర విల్లు నుంచి వెళ్లే బాణం వేగం సుమారు 50 మీటర్లే. జింక 30 మీటర్ల దూరంలో ఉందనుకుంటే బాణానికి అర సెకను పైనే పడుతుంది. వింటినారి చప్పుడుకి సెకనులో పదో వంతు కూడా అక్కర్లేదు. మధ్యలో మిగిలిన ఆ కాస్త సమయం చాలు జింకకి. ఉరకడానికి ముందు కాళ్లు మడిచి ఒళ్లు కిందికి దించుతుంది. బాణం వీపు మీదుగా వెళ్లిపోతుంది. వేటగాడి గురి తప్పలేదు, గురే కదిలిపోయింది!

అందుకే విల్లుతో వేటంటే బలం కాదు, ఓపిక. గాలి జింక మీది నుంచి తన వైపు వీచేలా చూసుకోవాలి. నీటిగుంట పక్కన పొదలో గంటలకొద్దీ కదలకుండా కూర్చోవాలి. ఇంత చేసీ చివరి క్షణంలో చిన్న కొమ్మ అడ్డొచ్చినా, జింక ఎదురుగా తిరిగి నిలబడినా ఎక్కుపెట్టిన విల్లు దించేయాలి. బాణం సగం దిగిన జంతువు ఏ లోయలోనో పడి చస్తుంది. వేటగాడికీ దక్కదు, అడవికీ మిగలదు.

ఇప్పుడా వేటకు చోటు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో జింకను చంపడం జైలుకెళ్లే నేరమైంది. శేషాచలం అడవులు 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు పరిధిలోకీ, 2010లో జీవావరణ రిజర్వులోకీ వచ్చాయి. వేట పోయినా వేటగాడు నేర్చుకున్న గురి పాఠం మాత్రం పాతబడలేదు.

గురి అనగానే అందరికీ గుర్తొచ్చేది అర్జునుడే. చెట్టు కనిపించలేదు, కొమ్మ కనిపించలేదు, పక్షి కన్నొక్కటే కనిపించిందన్నాడు. బళ్లో పంతులుగారి నుంచి ఇంట్లో తాతయ్య దాకా పిల్లలకి చెప్పే కథ ఇదే. కానీ మన పురాణాలు రెండో సగం కూడా చెప్పాయి. దశరథుడిది తిరుగులేని గురి. చీకట్లో శబ్దాన్ని బట్టే కొట్టగలడు. సరయూ తీరంలో కుండ మునిగిన చప్పుడు విని ఏనుగనుకున్నాడు. బాణం తగలాల్సిన చోటే తగిలింది. కూలిపోయింది మాత్రం గుడ్డి తల్లిదండ్రుల ఒక్కగానొక్క కొడుకు. పాండురాజు లేళ్ల జంటను కొట్టాననుకున్నాడు, ఆ రూపంలో ఉన్న మునిని కొట్టాడు. చెట్టు కింద మేను వాల్చిన శ్రీకృష్ణుడి పాదాన్ని చూసి జర అనే బోయవాడు జింకే అనుకున్నాడు. ఈ ముగ్గురిలో ఎవరి చేయీ వణకలేదు. ఎవరి ఏకాగ్రతా చెదరలేదు. కొట్టేది దేన్నో తెలుసుకునే ముందే బాణం వదిలేశారు.

ఈనాటి విలుకాళ్లకూ ఈ తొందర తెలుసు. దీనికి వాళ్ల భాషలో ‘టార్గెట్ పానిక్’ అని పేరు. గురి ఇంకా కుదరకముందే, పసుపు రంగు మధ్య వలయం కంట్లో పడగానే వేళ్లు వాటంతటవే నారిని వదిలేస్తాయి. పట్టుదల ఎక్కువున్నవాళ్లనే ఇది ఎక్కువ పీడిస్తుంది. దీనికి శిక్షకులు చెప్పే మందు వింతగా ఉంటుంది. కొన్నాళ్లు అసలు గురే ఉండకూడదు! నాలుగడుగుల దూరంలో వట్టి గడ్డిమోపు పెట్టి, నిలబడటం, నారి లాగడం, చేతిని గడ్డం కింద ఆనించడం, వదిలాక కూడా విల్లు దించకపోవడం... ఇవే మళ్లీ మళ్లీ చేయిస్తారు. ఫలితం మీది నుంచి మనసు పనిమీదికి దిగుతుంది.

విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కెనడా ఆటగాడితో చివరి బాణం దాకా సమంగా నిలిచాడు. 70 మీటర్ల దూరం, 12.2 సెంటీమీటర్ల వెడల్పున్న పది పాయింట్ల వలయం. ఇద్దరూ పదే కొట్టారు. కేంద్రానికి ఇంకాస్త దగ్గరగా దిగినందుకు కెనడా బాణం గెలిచింది. మనవాడు తప్పు చేశాడని ఎవరనగలరు? బాణం వదిలేదాకానే విలుకాడి పని. ఆ తర్వాతది చేతిలో ఉండదు. అదే విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. అవి ఒక్కో బాణాన్నీ విడిగా, మొదటి బాణంలా వేస్తేనే వచ్చే పతకాలు.

గురి గురించి అందరికన్నా పెద్ద పాఠం మాత్రం తిరుపతికి నలభై కిలోమీటర్ల లోపే, సువర్ణముఖి ఒడ్డున ఉంది. శ్రీకాళహస్తిలో తిన్నడి కథ తెలియనివాళ్లెవరు? ధూర్జటి పద్యంలో, 1976లో బాపు తీసిన సినిమాలో, పల్లెటూరి నాటకాల్లో తెలుగువాళ్లు తనివితీరా చెప్పుకున్న కథే. బోయపల్లెలో పుట్టి, విల్లుతో పెరిగినవాడు. శివలింగం కంట్లో నెత్తురు చూసి, బాణంతో తన కన్ను పెకలించి అక్కడ పెట్టాడు. అది ఆగింది. రెండో కంట్లో నెత్తురు మొదలైంది.

సరిగ్గా ఇక్కడే వేటగాడు బయటపడతాడు. ఉన్న ఒక్క కన్నూ తీశాక చీకటే కదా, పెట్టాల్సిన చోటు తెలిసేదెలా? అందుకే ముందు కాలు ఎత్తి ఆ కంటి మీద గుర్తుగా ఆనించాడు. అప్పుడు బాణం తీశాడు. దుఃఖంలో, అంత ఆవేశంలో కూడా గురి చూసుకున్నాడు. చూపున్నప్పుడే చూసుకున్నాడు. శివుడు చేయి పట్టుకుని ఆపాడంటుంది కథ.

దశరథుడు చూడకుండా కొట్టాడు. తిన్నడు ఇక చూడలేనని తెలిసి ముందే గుర్తు పెట్టుకున్నాడు. తేడా అక్కడుంది. పెద్ద కోపంలో మాట విసిరేముందు, పిల్లాడికి చదువు ఎంచేముందు, ఉన్న ఉద్యోగం వదిలేముందు... ఎక్కుపెట్టిన ప్రతివాడికీ ఆ ఒక్క క్షణం ఉంటుంది. కొట్టబోయేది ఏమిటో చూసుకోవడానికీ, కాదనిపిస్తే విల్లు దించేయడానికీ.

శ్రీకాళహస్తిలో ఏటా శివరాత్రి బ్రహ్మోత్సవాలకు తొలి జెండా ఎగిరేది స్వామి గుళ్లో కాదు, కన్నప్ప కొండ మీద. ముందు వేటగాడికి, ఆ తర్వాతే దేవుడికి!