పట్టాల పక్కన మనుషులూ ఉండాలి

హాంబర్గ్‌లో 2001లో మొదలైన మినియాటూర్ వుండర్‌లాండ్ ప్రపంచంలోనే అతిపెద్ద మోడల్ రైల్వేగా గిన్నిస్‌కెక్కింది. అక్కడి రైళ్లు ఎంత గొప్పవైనా, చూపును కట్టిపడేసేది పట్టాల పక్కనున్న జనమేనని నా అభిప్రాయం. 1:87 నిష్పత్తిలో మనిషంటే రెండు సెంటీమీటర్లే. అంత చిన్న ముఖానికి కళ్లు దిద్దక్కర్లేదు. మెరుపులేని రంగు వేసి, ఆరాక బాగా పలచన చేసిన గోధుమరంగు పూస్తే, అది చొక్కా ముడతల్లోకి దిగి నీడలా నిలుస్తుంది. మెరిసే రంగు వేశామా, ప్లాస్టిక్ బయటపడిపోతుంది.

చిలిపి దృశ్యాలు పెడితే సహజత్వం పోతుందని కొందరంటారు. ప్రతి మూలా నవ్వులాటే అయితే నిజమే. కానీ కదిలిపోతున్న రైలు వెంట పరుగెత్తేవాడు లేని స్టేషన్ ఎక్కడుంది? మనుషుల్లేని ప్లాట్‌ఫారమే అసలైన అసహజం. ఇంజిన్‌కు నెలలు వెచ్చించేవారు ఒక్క సాయంత్రం ఈ మనుషులకూ కేటాయించాలి.