గర్జనలో ఔచిత్యం – ఓపెత్ బృందం కొత్త వీలునామా

జీవితమంతా పిల్లలకు ఛందస్సూ అలంకారాలూ చెప్పుకున్న తెలుగు పండితునికి మెటల్ సంగీతంతో పనేమిటని అడిగే మిత్రులున్నారు. వారికి నా సమాధానం ఒక్కటే. నాట్యశాస్త్రంలో భరతముని ఎనిమిది రసాలు చెప్పాడు. శృంగార కరుణాలను ఇంట్లో కూర్చోబెట్టి, రౌద్ర భయానక బీభత్సాలను వీధిలో నిలబెట్టలేదు. ఆ మూడు రసాలనే ప్రధానంగా ఉపాసించే సంగీతం ఒకటి ఈ లోకంలో ఉన్నప్పుడు, అది ఎలా పెరుగుతున్నదో గమనించడం రసజ్ఞుల పనే కదా!

ఈ సంగీతం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కర్మాగారాల నీడలో పుట్టింది. 1970లో వచ్చిన 'బ్లాక్ సబ్బాత్' తొలి ఆల్బమ్‌ను దీనికి ఆదిగా చెప్పుకోవడం పరిపాటి. 1980ల చివరికి ఇందులోనుంచి 'డెత్ మెటల్' అనే శాఖ చీలింది. గాయకుడు మామూలుగా పాడక, స్వరతంత్రులకు పైనుండే మడతలను కూడా కంపింపజేసి, రొమ్ము లోతులనుంచి వచ్చినట్లుండే గర్జనతో పలకడం దాని లక్షణం. ఆంగ్లంలో దీనిని 'గ్రౌల్' అంటారు. తొలిసారి వినేవారికి అది మనిషి గొంతనిపించదు. అలా అనిపించకపోవడమే దాని శక్తి, దాని పరిమితి కూడా.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో 1990లో ఏర్పడిన 'ఓపెత్' అనే బృందం ఈ గర్జనతోనే పేరు తెచ్చుకున్నది. నాయకుడు మికాయెల్ ఓకర్‌ఫెల్ట్. గానం, గిటారు, రచన అన్నీ ప్రధానంగా ఆయనవే. 1995లో 'ఆర్కిడ్' అనే తొలి ఆల్బమ్, 2001లో విశేష ఖ్యాతి తెచ్చిన 'బ్లాక్‌వాటర్ పార్క్' వచ్చాయి. వీరి పద్ధతిలో ఒక విచిత్రం కలదు. ఒకే పాటలో కొంతసేపు గర్జన, మరికొంతసేపు మంద్రమైన మధుర గానం. ఘోరమూ సౌమ్యమూ పక్కపక్కనే కాపురం చేస్తాయి. 2003లో 'డామ్నేషన్' అనే ఆల్బమ్‌లో గర్జన లేకుండానే పాడి, తమకు ఆ శక్తీ ఉన్నదని నిరూపించుకున్నారు.

అసలు మలుపు 2011లో వచ్చింది. 'హెరిటేజ్' ఆల్బమ్‌తో ఓకర్‌ఫెల్ట్ గర్జనను విడిచిపెట్టాడు. 1970ల నాటి ప్రోగ్రెసివ్ రాక్ వైపు మళ్ళాడు. 2014, 2016, 2019 సంవత్సరాలలో వచ్చిన తరువాతి మూడు ఆల్బమ్‌లలోనూ గర్జన లేదు. కచేరీలలో పాత పాటలకు మాత్రం గర్జిస్తూనే ఉన్నాడు. అంటే గొంతు పోలేదు, కొత్త రచనలో దానికి చోటు కనబడలేదన్నమాట. అభిమానులు రెండు వర్గాలుగా చీలిపోయారు. 'ఎదిగాడు' అన్నవారు కొందరు, 'చెడిపోయాడు' అన్నవారు మరికొందరు.

2024 నవంబరులో వీరి పధ్నాలుగవ ఆల్బమ్ 'ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్' వచ్చింది. మన మాటలో 'వీలునామా'. 2008 నాటి 'వాటర్‌షెడ్' తరువాత, పదహారేళ్ళకు, గర్జన తిరిగి వచ్చింది. ఇంకేముంది! చెడిపోయాడన్నవారు 'దారికి వచ్చాడు' అని పండుగ చేసుకున్నారు. ఎదిగాడన్నవారిలో కొందరు 'వెనక్కి పోయాడు' అని నిట్టూర్చారు. ఇరుపక్షాలవారూ గర్జన ఉన్నదా లేదా అనే లెక్క చూశారు గాని, అది ఎక్కడ ఉన్నది, ఎవరి నోట ఉన్నది అనే ప్రశ్న వేయలేదని నా అభియోగం. ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసమే.

ఆల్బమ్‌లోని కథ మొదటి ప్రపంచయుద్ధం తరువాతి కాలానిది. సంపన్నుడూ ఛాందసుడూ అయిన ఒక ఇంటిపెద్ద మరణించాడు. అతని కవల సంతానం వీలునామా వినడానికి భవనంలో సమావేశమైంది. ఆ ఇంట పెరిగిన, పోలియో సోకిన ఒక అనాథ బాలిక కూడా అక్కడ ఉన్నది. 'ఈమెకు ఇక్కడేం పని?' అని కవలలకు అనుమానం. పత్రం చదువుతున్నకొద్దీ ఆ కుటుంబ రహస్యాలు ఒక్కొక్కటే బయటపడతాయి. మొత్తం ఎనిమిది పాటలు. మొదటి ఏడింటికి పేర్లు లేవు. దస్తావేజులో పరిచ్ఛేదాలకు వేసినట్లు ఒక గుర్తూ, పక్కన ఒక అంకె, అంతే. ఎనిమిదవ పాటకు మాత్రం పేరున్నది: 'ఎ స్టోరీ నెవర్ టోల్డ్', ఎన్నడూ చెప్పని కథ.

ఇప్పుడు ఆలోచించండి. వీలునామా అంటే ఏమిటి? లోకంలో ఎన్నో రకాల రాతలున్నాయి. చచ్చినవాడు బ్రతికినవారిని శాసించే రాత ఇదొక్కటే. రాసినవాడు ఎదుట లేడు. ఎదురు చెబుదామంటే వినడు. బతిమాలుదామంటే కరగడు. అయినా అతని మాటే చెల్లుతుంది. అటువంటి మాటకు ఏ గొంతు తగును? మానవ కంఠం వలె వినిపించని కంఠమే తగును. ఈ ఆల్బమ్‌లో గర్జన ప్రధానంగా ఆ మృత గృహపతిది. అతని అహంకారం, కక్ష, పశ్చాత్తాపమని చెప్పలేని ఒక మొరటు ఒప్పుకోలు – ఇవన్నీ ఆ గొంతులో వినిపిస్తాయి. పాత ఆల్బమ్‌లలో నాకు గర్జన తుఫాను లాగా వినిపించేది. ఇక్కడ ఒక మనిషి లాగా వినిపించింది.

మన శాస్త్రంలో దీనికి మాట ఉన్నది. పదకొండవ శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు. మొలనూలు మెడలో వేసుకుని, హారాన్ని నడుముకు చుట్టుకుంటే నగలు మంచివైనా నవ్వులపాలు కాక తప్పదని ఆయన భావం. నగలో దోషం లేదు, చోటులో ఉన్నది. ప్రహ్లాద నాటకంలో హిరణ్యకశిపుని వేషధారి సభాస్థలి అదిరేటట్లు పలికితే మనం చేతులు జోడిస్తాం. అదే గొంతుతో ప్రహ్లాదుని చేత నారాయణ స్మరణ చేయిస్తే లేచి ఇంటికి పోతాం. గొంతుకు ఉరస్సు, కంఠం, శిరస్సు అని మూడు స్థానాలనూ, భావాన్ని బట్టి మారే స్వరభేదానికి 'కాకువు' అనే పేరునూ నాట్యశాస్త్రం చెప్పింది. ఓకర్‌ఫెల్ట్ ఈ గ్రంథాలు చదివాడని నేననడం లేదు. చదవకుండానే ఆ సత్యాన్ని సాధనతో చేరుకున్నాడంటున్నాను.

పూర్వం వారికి ఈ వివేకం బొత్తిగా లేదనడం అన్యాయం. 1999 నాటి 'స్టిల్ లైఫ్' కూడా కథాత్మకమే. వెలివేయబడిన ఒకడు ప్రియురాలి కోసం ఊరికి తిరిగి వచ్చే కథ అది. అందులో మధుర గానం ప్రేమకూ, గర్జన ఆగ్రహానికీ సరిపోయాయి. కాని ఆ రోజులలో గర్జన ఆ సంగీతశాఖ ఇచ్చిన ఉమ్మడి ఆస్తి. అందరూ గర్జించేవారే కనుక వీరూ గర్జించారు. వద్దనుకుని పదహారేళ్ళు కొత్త రచనలో పక్కన పెట్టి, తిరిగి కావాలని ఎంచుకున్న గర్జన వేరు. వారసత్వంగా దొరికినదానికీ, తెలిసి తెచ్చుకున్నదానికీ తేడా ఉన్నది. ఆస్తి పంపకాల కథ చెప్పే ఆల్బమ్‌కు ఈ మాట మరీ బాగా అన్వయిస్తుంది.

ఎదుగుదలకు మరొక గుర్తు సంక్షిప్తత. 1996లో ఇదే బృందం ఇరవై నిమిషాలు దాటిన పాటను చేసింది. 'బ్లాక్‌వాటర్ పార్క్' చివరి పాట పన్నెండు నిమిషాలు. కొత్త ఆల్బమ్‌లో ఏ పాటా ఎనిమిది నిమిషాలకు చేరదు. మొత్తం కలిపి యాభై నిమిషాలకు కొంచెం పైన. చెప్పవలసిన కథ పెద్దదైనప్పుడు పాటలు చిన్నవి కావడం పరిణతి కాక మరేమిటి? కథనం కొరకు 'జెత్రో టల్' బృందనాయకుడు ఇయాన్ ఆండర్సన్‌ను పిలిపించి, ఆయన చేత మాటలు చెప్పించారు, వేణువు ఊదించారు. వృద్ధుడైన ఆయన గొంతు దస్తావేజు చదివే పెద్దమనిషి గొంతులా నిబ్బరంగా ఉన్నది. 2022లో చేరిన ఫిన్లండ్ యువకుడు వాల్టేరి వేయ్‌రునెన్ డోలు వాదనలో బలమూ ఉన్నది, ఎక్కడ ఆగాలో తెలిసిన మర్యాదా ఉన్నది.

'ఇదంతా పాత అభిమానులకు లొంగిపోవడమే, వ్యాపారమే' అనే ఆక్షేపణ వినవచ్చింది. దీనికి సమాధానం ఆల్బమ్‌లోనే దొరుకుతుంది. లొంగిపోదలచినవాడు పాత పద్ధతిలో పొడుగాటి పాటలు నాలుగు చేసి ఇచ్చేవాడు. పేర్లు లేని పాటలతో, మధ్యమధ్య మాటలతో, తంత్రీవాద్య బృందంతో చిక్కుపడిన కుటుంబ కథను ఎందుకు చేస్తాడు? పైగా చివరి పాటలో గర్జన లేనే లేదు. శాంతంగా సాగుతుంది. 2019 నాటి వీరి ఆల్బమ్ పేరు 'ఇన్ కాడా వెనెనమ్', లాటిన్‌లో 'తోకలో విషం' అని అర్థం. తేలు సంగతి శతకాలు చదువుకున్న మన పిల్లలకు కొత్త కాదు. ఆ పేరు నిజానికి ఈ ఆల్బమ్‌కు తగును. ఏడు పరిచ్ఛేదాలలో గర్జించిన వీలునామాను ఆ ఎనిమిదవ పాట మెల్లని గొంతుతో తలకిందులు చేస్తుంది. ఎలాగో చెప్పి వినేవారి ఆనందాన్ని పాడుచేయను. గర్జించినవాడికి తెలియని నిజం ఒకటి గర్జించని గొంతుకు తెలుసునని మాత్రం చెబుతాను.

లోపాలు లేవా? ఉన్నాయి. పాటల పాఠం చేతిలో లేకుండా కథ అందదు. ఎవరు ఎప్పుడు మాట్లాడుతున్నారో తేల్చుకోవడానికి మూడు నాలుగుసార్లు వినవలసి వస్తుంది. కొన్ని చోట్ల సంగీతం ఒక భావం కుదురుకోకముందే మరొకదానిలోకి దూకుతుంది. రసం పరిపాకానికి రావాలంటే స్థాయీభావానికి నిలవడానికి కొంత సమయమివ్వాలి. మూడవ, ఆరవ పరిచ్ఛేదాలలో ఆ వ్యవధి చాలలేదని నాకు తోచింది.

అయినా ఈ ఆల్బమ్ నేర్పే పాఠం సంగీతానికే పరిమితం కాదు. మన సాహిత్యంలోనూ ఎదుగుదల అంటే విడిచిపెట్టడమే అనే భ్రమ ఒకటి ఉన్నది. పద్యం విడిస్తే ఎదిగినట్టు, మళ్ళీ పట్టుకుంటే దిగజారినట్టు లెక్కలు వేస్తాం. 1928లో 'ప్రభవ'తో పద్యకవిగా మొదలైన శ్రీశ్రీ, 'మహాప్రస్థానం' గీతాలలో ఆ ఛందస్సుల చట్రాన్ని బద్దలుకొట్టాడు. ఆ మహాకవే తరువాత 'సిరిసిరిమువ్వా' అనే మకుటంతో కందపద్యాలు అలవోకగా చెప్పాడు. అది తిరోగమనమా? కాదు. చమత్కారానికి, వెక్కిరింపుకు కందం ఎంత ఒదుగుతుందో తెలిసినవాడు దానిని ఆ పనికే వాడుకున్నాడు. పనిముట్టుకు దాసుడైనవాడు దానిని వదలలేడు, దానిపై అలిగినవాడు తిరిగి ముట్టలేడు. ఈ రెండూ దాటినవాడే అవసరమైన చోట అందుకుని, అవసరం తీరగానే కింద పెట్టగలడు.

కనుక ఓపెత్ వెనక్కి పోయిందా, ముందుకు వచ్చిందా అనే వాదులాట మాని, ఎవరి గొంతు ఎవరికిచ్చారో గమనిస్తూ వినండి. గర్జన భరించలేమనే సౌమ్యులు ఎనిమిదవ పాటతో మొదలుపెట్టవచ్చు. అది నచ్చితే, అంత మెల్లని మాట అంత బరువుగా ఎందుకు తగిలిందో తెలుసుకోవడానికి మిగిలిన ఏడింటి దగ్గరకు మీరే వెళతారు.