పండగపూట ఇంటికి ఫోన్

ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాడు దైవసేవకు పనికిరాడనుకోవడం పెద్దవాళ్లు పిల్లల మీద రుద్దే కాఠిన్యమే తప్ప భక్తి కాదు. అమెరికాలోని యూటా కేంద్రంగా నడిచే మార్మన్ చర్చి 18 ఏళ్లు నిండిన కుర్రాళ్లను రెండేళ్ల పాటు మత ప్రచారానికి పంపుతుంది. ఎక్కడికి వెళ్లాలో చర్చే నిర్ణయిస్తుంది. మధ్యలో సెలవులకు ఇంటికి రావడమంటూ ఉండదు. అంటే రెండు క్రిస్మస్‌లు ఊరుకాని ఊళ్లోనే. మంచులో పెరిగిన యూటా పిల్లవాణ్ని ఫిలిప్పీన్స్‌కు పంపితే, అక్కడ సెప్టెంబరులోనే క్రిస్మస్ పాటలు మొదలవుతాయి. డిసెంబరు 16 నుంచి తొమ్మిది రోజులు క్యాథలిక్ చర్చిలు తెల్లవారకముందే కిటకిటలాడతాయి. ఊరంతా బంధువులతో నిండిపోతే, వాడికి తోడు చర్చి జతచేసిన మరో కుర్రాడే. 2019 ఫిబ్రవరి దాకా ఇంటివాళ్లతో ఫోన్లో మాట్లాడేందుకు ఏడాదికి దక్కేవి రెండే సందర్భాలు, క్రిస్మస్, మదర్స్ డే. మిగతా కాలమంతా ఈమెయిళ్లు, ఉత్తరాలే. ఇప్పుడు వారం వారం మాట్లాడుకోవచ్చు. దీంతో క్రమశిక్షణ సడలిపోతుందని ఎవరైనా నొచ్చుకుంటే నేను ఒప్పుకోను. అమ్మ గొంతు వింటేనే చెదిరిపోయే విశ్వాసం, ఫోన్ కట్టేసినంత మాత్రాన నిలబడదు. పైగా బెంగంటే ఏమిటో తెలిసినవాడే, పండగపూట ఒంటరిగా ఉన్న ముసలమ్మ ఇంటికి వెళ్లి బోధ పక్కనపెట్టి కాసేపు కబుర్లు చెబుతాడు. ఏ మతమైనా సరే, పిల్లల్ని దూరదేశాలకు పంపే పెద్దలు ఒక్కటి గుర్తుంచుకోవాలి. వాళ్లను సేవ చేయమని అడగండి, ఇంటిని మరిచిపొమ్మని మాత్రం అడక్కండి.