మ్యాప్ మూలన చీమ అక్షరాలు

ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే మనం చూసేవి రెండే. మనం ఎక్కడున్నామో చెప్పే నీలం చుక్క, వెళ్లాల్సిన చోట ఎర్ర పిన్ను. మధ్యలో ట్రాఫిక్ ఎంతుందో చూసుకుని బండి స్టార్ట్ చేసేస్తాం. కింద ఓ మూలన చీమల బారులా కొన్ని అక్షరాలుంటాయి. మ్యాప్ డేటా ఎవరిదో, ఏ సంవత్సరానిదో, షరతులేంటో అక్కడ రాసి ఉంటుంది. వాటిని నొక్కి చదివినవాళ్లు మనలో ఎంతమంది ఉంటారు చెప్పండి?

ఈ వారం ఆ చీమ అక్షరాల గురించే మాట్లాడుకుందాం. యాప్‌లు చేస్తున్న కాలేజీ పిల్లలు నన్ను తరచూ అడిగేది ఒకటే: "మా ఊరి బస్సుల యాప్ చేస్తున్నాం. గూగుల్ మ్యాప్స్ నుంచి స్టాపులన్నీ లాగేసి మా యాప్‌లో పెట్టుకోవచ్చా? అది ఫ్రీయే కదా?"

చూడ్డానికి ఫ్రీయే. తీసుకెళ్లడానికి కాదు. లైబ్రరీలో పుస్తకం ఎంతసేపైనా కూర్చుని చదువుకోవచ్చు. దాన్నే జిరాక్స్ తీయించి బయట అమ్మితే ఊరుకోరు కదా! మ్యాప్ సంగతీ అంతే.

లేని ఊరు పుట్టింది

మ్యాపుల కాపీ గొడవ ఫోన్లతో మొదలైంది కాదు. 1930ల్లో అమెరికాలో జనరల్ డ్రాఫ్టింగ్ అనే మ్యాపుల కంపెనీ ఉండేది. అధిపతి ఆటో లిండ్‌బర్గ్, ఆయన సహాయకుడు ఎర్నెస్ట్ ఆల్పర్స్. ఇద్దరి పేర్లలోని పొడి అక్షరాలను కలగాపులగం చేసి 'అగ్లో' అని ఓ ఊరి పేరు పుట్టించారు. న్యూయార్క్ రాష్ట్రంలో రెండు మట్టి రోడ్లు కలిసే చోట మ్యాప్‌లో ఆ పేరు రాసేశారు. అక్కడ ఊరూ లేదు, వాడా లేదు. వేరే కంపెనీ మ్యాప్‌లో అగ్లో కనిపించిందంటే మనది చూసి దించేసినట్టే. అదీ ప్లాను.

కొన్నేళ్లకు రాండ్ మెక్‌నాలీ అనే పెద్ద కంపెనీ మ్యాప్‌లో అగ్లో కనిపించనే కనిపించింది. దొరికారనుకున్నారు. తీరా చూస్తే, అదే చోట ఎవరో కొట్టు పెట్టి, మ్యాప్‌లో ఉంది కదా అని దానికి 'అగ్లో జనరల్ స్టోర్' అని బోర్డు తగిలించారట! వల కోసం పెట్టిన దొంగ ఊరు కాస్తా నిజం ఊరైపోయింది.

ఇది నవ్వుకునే కథ. బ్రిటన్‌లో జరిగింది మాత్రం నవ్వులాట కాదు. అక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే. తన మ్యాపులను కాపీ కొట్టారంటూ అది ఆటోమొబైల్ అసోసియేషన్ మీద కేసు వేసింది. లేని ఊళ్లు పెట్టకుండానే, రోడ్ల వెడల్పుల్లాంటి వాటిలో తమకు మాత్రమే తెలిసే చిన్న చిన్న తేడాలు పెట్టి పట్టుకుంది. చివరికి 2001లో ఆ అసోసియేషన్ 2 కోట్ల పౌండ్లు కట్టడానికి ఒప్పుకుని రాజీ పడింది.

రెండు తాళాలు

చార్మినార్ హైదరాబాద్‌లో ఉంది. ఈ నిజం ఎవరి సొత్తూ కాదు. మరి ఆ నిజాన్నే మ్యాప్ మీద చుక్కగా పెడితే కంపెనీ సొత్తు ఎలా అయింది? సరైన ప్రశ్నే.

ఇక్కడ రెండు తాళాలున్నాయి. మొదటిది కాపీరైట్. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మ్యాప్ అంటే ఒక కళాకృతి, పెయింటింగ్‌తో సమానం. కంప్యూటర్ డేటాబేస్‌ను సాహిత్య రచనల్లో కలిపారు. అయితే ఊరికే కష్టపడి పోగేశాం అంటే చాలదు, కొంతైనా సృజన ఉండాలని మన సుప్రీంకోర్టు ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో చెప్పింది. అమెరికా సుప్రీంకోర్టు 1991లో ఓ టెలిఫోన్ డైరెక్టరీ కేసులో ఇలాంటి మాటే అంది. యూరప్ వేరే దారి పట్టింది. డబ్బు, శ్రమ పెట్టి డేటాబేస్ కూర్చితే దానికి ప్రత్యేక హక్కు ఇస్తూ 1996లో నిబంధన తెచ్చుకుంది. అంటే ఒకే డేటాకు ఒక్కో దేశంలో ఒక్కో న్యాయం.

రెండో తాళం ఒప్పందం. యాప్ చేసేవాళ్లు మ్యాప్ కంపెనీ నుంచి ఏపీఐ కీ తీసుకునేటప్పుడు 'అంగీకరిస్తున్నాను' అని టిక్కు పెడతారు చూడండి, అదే. మూకుమ్మడిగా డౌన్‌లోడ్ చేయొద్దు, మా మ్యాప్ మీద పెట్టి గీసి ఇంకో మ్యాప్ తయారు చేయొద్దు అని గూగుల్ షరతుల్లో స్పష్టంగా ఉంటుంది. కాపీరైట్ తాళం కాస్త వదులుగా ఉన్నా, ఈ తాళం గట్టిది.

మన దేశంలోనే 2024 జులైలో ఈ తగువు వార్తల్లోకెక్కింది. ఓలా తన సొంత మ్యాపులు తెచ్చినప్పుడు, 2021లో చేసుకున్న లైసెన్సు ఒప్పందాన్ని మీరి తమ డేటాను కాపీ చేశారంటూ మ్యాప్‌మైఇండియా సంస్థ ఓలా ఎలక్ట్రిక్‌కు నోటీసు పంపింది. అవన్నీ అబద్ధాలని ఓలా ఎలక్ట్రిక్ కొట్టిపారేసింది. ఎవరిది రైటో చెప్పడం నా పని కాదు. ఇంత పెద్ద కంపెనీల మధ్య కూడా తగువు ఆ టిక్కు దగ్గరికే వచ్చిందన్నది గమనించండి.

ఒప్పందంలో ఇంకో సంగతుంది. షరతులు రాసేది వాళ్లు, మార్చేదీ వాళ్లే. 2018 జులైలో గూగుల్ తన మ్యాప్ రేట్లు మార్చింది. అంతవరకూ రోజుకు 25 వేల సార్లు ఉచితంగా మ్యాప్ చూపించుకోగలిగిన వెబ్‌సైట్‌కు, ఆ తర్వాత నెలంతా కలిపి ఇంచుమించు 28 వేలు మిగిలాయి. చిన్న చిన్న సైట్ల వాళ్లు లబోదిబోమన్నారు. 2024 ఆగస్టు నుంచి ఇండియాలో కొన్ని రేట్లు 70 శాతం దాకా తగ్గాయి కూడా. తగ్గినా పెరిగినా మీటరు వాళ్ల చేతిలోనే ఉంది.

గ్రైండర్ మీదైతే పప్పు మీదవుతుందా?

చాలామంది తికమక పడేది ఇక్కడే. మ్యాప్ సాఫ్ట్‌వేర్ వేరు, అందులో పోసే డేటా వేరు. దేని లైసెన్సు దానిదే. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, దాని కోడ్ కూడా అందరిదీ. అంతమాత్రాన అందులో ఎవరి డేటానో తెచ్చి తెరిస్తే అది మీదైపోదు. గ్రైండర్ మనదే కదా అని పక్కింటి పప్పు రుబ్బుకుంటామా?

సాఫ్ట్‌వేర్ లైసెన్సు కూడా రాతి మీద చెక్కిందేం కాదు. వెబ్‌పేజీల్లో మ్యాపులు చూపించే మ్యాప్‌బాక్స్ జీఎల్ జేఎస్ మొదట్లో ఎవరైనా వాడుకోగల ఓపెన్ సోర్స్. 2020 డిసెంబరులో రెండో వెర్షన్ నుంచి దాన్ని సొంత లైసెన్సులోకి మార్చేశారు. వాడాలంటే కంపెనీ దగ్గర ఖాతా ఉండాలన్నారు. అయితే పాత వెర్షన్ లైసెన్సును వెనక్కి తీసుకోలేరు కదా! కొందరు డెవలపర్లు దాన్నే పట్టుకుని 'మ్యాప్‌లిబ్రే' పేరుతో ముందుకు తీసుకెళ్లారు. ఇవాళ్టికీ నడుస్తోంది. ఓపెన్ లైసెన్సు బలం అదే. ఇచ్చినవాళ్లు మనసు మార్చుకున్నా, ఇచ్చింది మన దగ్గరే ఉంటుంది.

మనం పెట్టిన పిన్ను ఎవరిది?

నన్నడిగితే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇది. 2008లో గూగుల్ 'మ్యాప్ మేకర్' తెచ్చింది. దాని వెనకున్నవారిలో ముఖ్యుడు లలితేశ్ కాట్రగడ్డ. మ్యాపులే సరిగా లేని దేశాల్లో జనమే తమ వీధులు తామే గీసుకునే ఏర్పాటు అది. మన దేశంలో ఎంతోమంది రాత్రిళ్లు కూర్చుని సందులు, గుడులు, బళ్లు ఎక్కించారు. మంచి పనే. వాళ్ల పుణ్యమా అని మన వీధులు మ్యాప్‌కెక్కాయి.

కానీ చేర్చిన ప్రతి గీత మీదా గూగుల్‌కు శాశ్వత లైసెన్సు ఇచ్చినట్టే. వ్యాపారేతర పనులకు కొంత డేటా ఇచ్చినా, ఆ షరతులూ గూగుల్‌వే. 2012లో ప్రపంచ బ్యాంకు మ్యాప్ మేకర్ డేటా కోసం గూగుల్‌తో ఒప్పందం చేసుకున్నప్పుడు దీనిమీదే విమర్శలొచ్చాయి. జనం ఊరికే గీసిచ్చిన మ్యాపు, తిరిగి ఆ జనానికే స్వేచ్ఛగా అందకపోతే ఎలా అన్నారు. 2017లో గూగుల్ మ్యాప్ మేకర్‌ను మూసేసింది. డేటా మాత్రం గూగుల్ మ్యాప్స్‌లో ఉంది.

రెండో దారి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. ఆర్డ్‌నెన్స్ సర్వే డేటా మామూలు జనానికి అందడం లేదని విసిగి, 2004లో స్టీవ్ కోస్ట్ బ్రిటన్‌లో మొదలుపెట్టాడు. మ్యాపుల వికీపీడియా అనుకోండి. ఇప్పుడు కోటికి పైగా ఖాతాలున్నాయి. దీని లైసెన్సు పేరు ఓడీబీఎల్. రెండే పెద్ద షరతులు. ఒకటి, ఇది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్లదని కనిపించేలా చెప్పాలి. రెండు, ఈ డేటాను బాగుచేసి పైకి విడుదల చేస్తే, ఆ బాగుచేసిన డేటాబేస్‌ను కూడా ఇదే లైసెన్సు కింద అందరికీ ఇవ్వాలి. పోకీమాన్ గో ఆడినవాళ్లు ఇది తెలియకుండానే వాడారు. 2017 చివర్లో ఆ ఆట గూగుల్ మ్యాప్ వదిలి దీనికి మారింది.

ఇక్కడా లైసెన్సు కష్టాలున్నాయి. మొదట్లో ఉన్న క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కవితలకు, ఫొటోలకు సరిపోతుందేమోగానీ డేటాకు సరిపోలేదు. 2012 సెప్టెంబరులో ఓడీబీఎల్‌కు మారారు. దానికి ముందు, డేటా ఇచ్చినవాళ్లను మీకు సమ్మతమేనా అని అడిగారు. కాదన్నవాళ్లవి, జవాబివ్వనివాళ్లవి గీతలు తీసేశారు. ఏళ్ల తరబడి గీసిన రోడ్లు కొన్నిచోట్ల మాయమయ్యాయి. బాధే. అయినా నాకు నచ్చింది ఏమిటంటే, అక్కడ గీసినవాడిని అడిగారు.

హైదరాబాద్ వీధి ఫొటోలు

మన దేశంలో ఇంకో చిక్కు ప్రభుత్వ అనుమతులు. 2016లో ఓ ముసాయిదా బిల్లు వచ్చింది. అనుమతి లేకుండా మ్యాప్ డేటా సేకరిస్తే కోట్లలో జరిమానా, 7 ఏళ్ల దాకా జైలు అన్నారు. పెద్ద గొడవైంది. అది చట్టం కాలేదు. 2021 ఫిబ్రవరి 15న కథ మొత్తం తిరగబడింది. భారతీయ సంస్థలు, వ్యక్తులు ముందస్తు అనుమతి లేకుండానే మ్యాపులు చేసుకోవచ్చని కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. ప్రజాధనంతో తయారైన డేటాను, భద్రతకు సంబంధించినది తప్ప, భారతీయులకు సులభంగా అందించాలనీ అందులో ఉంది. విదేశీ సంస్థలకు మాత్రం హద్దు పెట్టారు. అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్ల కన్నా కచ్చితమైన డేటాను, వీధుల ఫొటోల సర్వేను భారతీయ సంస్థలే చేయాలి. విదేశీయులు లైసెన్సు మీద వాడుకోవాలి.

2022 జులైలో హైదరాబాద్ సహా 10 నగరాల్లో స్ట్రీట్ వ్యూ ఎలా వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ ఫొటోలు తీసింది గూగుల్ కాదు. జెనెసిస్ ఇంటర్నేషనల్, టెక్ మహీంద్రా తీశాయి. గూగుల్ వాటిని లైసెన్సు మీద చూపిస్తోంది.

మరి ఏం చేయాలి?

యాప్ చేసేవాళ్లకు: గూగుల్ నుంచి బస్‌స్టాపులు లాగకండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దక్షిణాది రాష్ట్రాల డేటా మొత్తం ఉచితంగా దించుకోవచ్చు. లేని స్టాపులు మీరే తిరిగి చేర్చండి. పేరు చెప్పడం మరవకండి. ఇంకో మాట. డేటా ఉచితం కదా అని మ్యాప్ బొమ్మల కోసం వాళ్ల సర్వర్ల మీదే భారమంతా వేయకూడదు. అవి చందాలతో నడుస్తాయి. పెద్ద యాప్ అయితే సొంత సర్వరో, వేరే సర్వీసో చూసుకోవాలి.

శుభలేఖ మీద రూట్ మ్యాప్ వేసేవాళ్లకు: లొకేషన్ లింకు, క్యూఆర్ కోడ్ ఇస్తే ఏ గొడవా లేదు. బొమ్మే కావాలంటే మీకు తెలిసిన దారిని మీరే గీయండి. బస్టాండు, నీళ్ల ట్యాంకు, పక్కనే ఫంక్షన్ హాలు. ఆ కాపీరైట్ అచ్చంగా మీదే.

మిగతా అందరికీ: గూగుల్‌లో చేర్చడం మానేయమని నేను అనను. పొద్దున లేస్తే మా ఇంట్లో అందరం వాడేది అదే. కానీ మీకు కళ్లారా తెలిసిన సంగతిని మీరు రెండు చోట్లా చెప్పొచ్చు. ఎవరూ కాదనరు. ఒక మ్యాప్ చూసి ఇంకో మ్యాప్‌లో ఎక్కించడమే తప్పు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ ఉంది. రోడ్డు మీద నిలబడితే చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతుంది. ఈ దారి సిమెంటుదా, మట్టిదా? ఈ స్టాపులో షెడ్డు ఉందా? మీరు చెప్పిన జవాబు నేరుగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి వెళ్తుంది. రేపు వరదొచ్చి సిగ్నల్ పోయినా, ముందే ఆ మ్యాప్ దించుకున్న ఫోన్‌లో ఆ దారి కనిపిస్తుంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ బిల్లు కట్టక్కర్లేదు.

ఈ ఆదివారం ఓ పది నిమిషాలు కేటాయించి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ ఊరు వెతకండి. చెరువు ఉందా, బడి ఉందా చూడండి. ఊరి పేరు తెలుగులో రాయడానికి అక్కడ వేరే గడి ఉంటుంది. చాలా ఊళ్లకు అది ఇంకా ఖాళీగానే ఉంది.